ఊడిన పన్నుకే ఒకటో తరగతి

మా మనవరాలు ముక్త చదివే బడిలో పరీక్షలు లేవు. మార్కులు లేవు, ర్యాంకులు లేవు, హోంవర్కు లేదు, ప్లాస్టిక్ లేదు, బెత్తం లేదు. గంట కూడా లేదు, దానికి బదులు ఒక టీచరు వేణువు ఊదుతుంది. పిల్లల మీద ఒత్తిడి తెచ్చేది ఏదీ ఆ ఆవరణలోకి రాకూడదని నియమం. అందుకే ఒకటో తరగతిలోకి ఎవరిని పంపాలో పళ్ళు చూసి తేలుస్తారు.

ఇది హాస్యానికి చెప్పడం లేదు. స్టైనర్ అనే విదేశీ ఆయన పెట్టిన పద్ధతి బడులలో ఇది పాత ఆనవాయితీయేనట. పాలపళ్ళు ఊడడం మొదలైతే బిడ్డ చదువుకు పక్వానికి వచ్చిందనడానికి అదొక గుర్తు. మిగతా చోట్ల ఇంకా కొన్ని గుర్తులు కూడా చూస్తారు. మా ఉదయవనం బడిలో ఆ మిగతావి పిల్లలకు ఒత్తిడి కలిగిస్తాయని తీసేశారు.

ఆ బడిలో టీచర్లను మేడమ్ అనకూడదు, అక్క అనాలి. ఆచార్య మండలికి పెద్ద చారులత. ఆమె నా కొడుకు కంటే చిన్నది. అయినా నేను ఆమెను అక్కా అనే పిలుస్తాను. చేర్పించిన రోజు ఆమె నాకు విషయం వివరించింది.

"తొలి ఏడేళ్ళూ బిడ్డ తన దేహాన్ని తానే నిర్మించుకుంటుందమ్మా. పన్ను ఆ నిర్మాణంలో ఆఖరి ఇటుక. అది ఊడిందంటే మేస్త్రీల పని పూర్తయినట్టు. అప్పుడు వాళ్ళు అక్షరాల వైపు తిరుగుతారు."

"ఆ మేస్త్రీలు ఎవరక్కా?"

"జీవశక్తులు."

నేను తల ఊపాను. ఇంటికి వచ్చాక కోడలు నీరజ నన్ను హెచ్చరించింది. "అత్తయ్యా, అక్కడ మీరేం అడగకండి. సీటు దొరకడమే గొప్ప."

బడిలో చిన్నపిల్లలు ఉండేది మొగ్గల ఇల్లు. ఒకటో తరగతి నుంచి పైవాళ్ళు ఉండేది పెద్దబడి. రెండింటికీ మధ్య గోరింట కంచె. మొగ్గల ఇంట్లో పిల్లలు కలలో ఉంటారట, పెద్దబడి పిల్లలు మెలకువలో ఉంటారట. మెలకువ అంటుకుంటుంది కాబట్టి ఇటు వాళ్ళు అటు వాళ్ళతో ఆడకూడదు, తినకూడదు, మాట్లాడకూడదు. ఒకే గేటు గుండా రాకూడదు కూడా. వెనకటికి కలరా వచ్చిన ఊరికి కూడా ఇంత కట్టడి లేదు.

ముక్తకు ఒక్కతే స్నేహితురాలు, సఫియా. కళ్ళ డాక్టరు గారి పాప. మొగ్గల ఇంట్లో చేరిన రోజు నుంచి ఇద్దరిదీ ఒకే ఇసుక గుంట. ముక్త డబ్బాలోని పులిహోర సఫియా తినేది, సఫియా డబ్బాలోని ఖీమా మేము బ్రాహ్మలమని తెలియక ముక్త తినేది. తెలిసినా నేను ఇంట్లో చెప్పలేదు. ఇద్దరూ కలిసి ఉండడమే నాకు కావలసింది. విడిపోవడాలంటే నాకు భయం. రైలు కదలకముందే చెయ్యి ఊపడం మొదలుపెడతాను, తీరా కదిలాక ఎదుటి మనిషి కనబడడేమోనని. చిన్నప్పుడు నాతో అచ్చనగాయలు ఆడిన సత్తెమ్మను ఒక పొద్దున ఎడ్లబండిలో ఎక్కించుకుపోయారు. ఎక్కడికో నాకు ఇప్పటికీ తెలియదు.

బడి నుంచి ప్రతి శుక్రవారం 'తొలకరి' అనే వార్తాపత్రిక వస్తుంది. చేతితో తయారు చేసిన కాగితం మీద అచ్చు వేస్తారు. మొదట్లో అందులో బడి కబుర్లు ఉండేవి. వేప పూసిందని, రొట్టెల పొయ్యిలో పిల్లి ఈనింది కాబట్టి ఈ వారం రొట్టెలు లేవని రాసేవారు. చివర ఒక మూల 'అద్విక్ కింది ముందు పన్ను ఊడినది. శుభం' అని ఉండేది. మాఘమాసం వచ్చేసరికి వేప, పిల్లి, రొట్టె అన్నీ పోయాయి. పత్రిక నిండా పళ్ళే మిగిలాయి.

ఈ బడికి వచ్చిన తల్లిదండ్రులందరూ కార్పొరేట్ బడుల ర్యాంకుల గోల పడలేక పారిపోయి వచ్చినవాళ్ళు. ఆ మాట గేటు దగ్గర రోజూ చెప్పుకుంటారు. చెప్పుకున్నాక ఇలా అడుగుతారు.

"మీవాడికి ఎన్ని?"

"రెండు ఊడాయండి. మూడోది డెబ్బై శాతం ఊగుతోంది."

"మావాడిది ఇంకా నలభైలోనే ఉంది. ఏం పెడుతున్నారు?"

డెబ్బై శాతం అన్నాయన సాఫ్ట్‌వేరు మనిషి. కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ జవాబు గేటు బయట చెరుకు గడలు పెట్టుకున్న కొమురయ్యకు తెలుసు. అంతకుముందు అతను చెరుకు రసం అమ్మేవాడు. ఇప్పుడు మిషన్ ఇంట్లో పడేసి గడలే అమ్ముతున్నాడు.

"అమ్మా, గీ కణుపు కాడ కొరికిపియ్యి పాపతోని. రేపటికల్ల ఊగకపోతే నన్నడుగు. మొన్న గా ఎర్రకారు సారు కొడుక్కు గిట్లనే ఊగింది."

"గట్టిగుంటదేమో కొమురయ్యా, చిగుళ్ళు గీరుకుపోతయ్."

"సదువంటే ఉత్తగనే అస్తదా అమ్మా!"

గడ కొనుక్కున్నాను. ముక్త బుద్ధిగా కొరికింది. దవడ నొప్పి పుట్టింది కానీ పన్ను కదలలేదు.

ఇంతలో ఒక తండ్రి కొడుకు పన్నుకు దారం కట్టి, రెండో కొస తలుపు గొళ్ళేనికి కట్టి, తలుపు వేశాడని తెలిసింది. ఆచార్య మండలి అత్యవసరంగా కూర్చుంది. సహజ పతనం వేరు, ప్రేరిత పతనం వేరు అని తీర్మానించింది. తేడా పట్టడానికి విభాకర్ అనే ఆయనను దంతసాక్షిగా వేసుకున్నారు. ఆయన అంతకుముందు ఏదో కంపెనీలో ఉద్యోగాలు తీసేసే ఉద్యోగం చేశాడట. బడిలో ఆయన్ను విభాకర్ అన్న అనాలి. ఊడిన పన్నును తేనెమైనంతో చేసిన చిన్న గూటిలో పెట్టి ఆయనకు అప్పగించాలి. ఆయన వేరు చూసి, బిడ్డ నోరు చూసి, తల్లి ముఖం చూసి 'సహజం' అంటాడు. అప్పుడు ఆ గూటిని, ఆ కాలపు పూలూ కాయలూ పేర్చే ఋతువుల బల్ల మీద పెడతారు. పిల్లలందరూ దాని చుట్టూ తిరిగి పాట పాడతారు.

ఒక పిల్లవాడు జారుడుబండ మీద నుంచి పడి రెండు పళ్ళు ఒకేసారి పోగొట్టుకున్నాడు. వాడు ఏడుస్తుంటే వాడి అమ్మ మొహం వెలిగిపోయింది. మండలి ఆ సాయంత్రమంతా చర్చించి తీర్పు ఇచ్చింది. భూమ్యాకర్షణ ప్రకృతే. జారుడుబండ ప్రకృతి కాదు. కాబట్టి ఒక పన్ను చెల్లుతుంది, ఒకటి చెల్లదు.

ఫాల్గుణంలో సఫియా పన్ను జామకాయలో ఉండిపోయింది. పాపం పరిగెత్తుకుంటూ వచ్చి మొదట ముక్తకే చూపించింది. ముక్త దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని అడిగింది.

"బాపమ్మా, నా పన్నుకు నేనంటే అంత ఇష్టమా? ఎందుకు పోతలేదు?"

మొక్కని దేవుడు లేడు. పళ్ళకు ప్రత్యేకంగా ఏ దేవుడున్నాడో తెలియక అందరికీ మొక్కాను.

దంతసాక్షికి పన్ను అప్పగించడానికి ఉగాదికి ముందు రోజు ఆఖరి గడువు. ఆ ముందటి సాయంత్రం ముక్త మొక్కజొన్న కంకి కొరుకుతూ గట్టిగా అరిచింది. గింజల మధ్య ఇంకో గింజ. సంతోషంలో మైనపు గూడు సంగతే మరిచిపోయాను. మా అమ్మ నాకు చేసినట్టు, నేను నా కొడుక్కు చేసినట్టు చేశాను. పాలవాణ్ని అడిగి ఇంత పేడ తెప్పించి, పన్నును అందులో పెట్టి ఉండ చేసి, అపార్ట్‌మెంటు మేడ మీదికి పిల్లను తీసుకెళ్ళి, నీళ్ళ ట్యాంకు గది కప్పు మీదికి విసిరేయించాను. పాత పన్ను ఇంటి మీదికి పోతేనే కదా కొత్త పన్ను తిన్నగా వచ్చేది! ముక్త చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

మర్నాడు విభాకర్ అన్న ముక్త నోటిలోకి టార్చి వేసి చూశాడు.

"ఇక్కడ ఖాళీ ఉంది. పన్నేదీ?"

"ఇంటి మీద ఉంది అన్నా."

"ఇంట్లోనా?"

"ఇంట్లో కాదు, ఇంటి మీద. పేడలో పెట్టి విసిరేశాం. మా ఆచారం."

ఆయన చారులత అక్క వైపు చూశాడు. ఆమె నా చేయి పట్టుకుంది. ఆ బడిలో చేయి పట్టుకున్నారంటే కాదనబోతున్నారని అర్థం.

"మీ సంప్రదాయాన్ని మేము గౌరవిస్తామమ్మా. కానీ ఖాళీ అంటే లేమి. లేమి దేనికీ సాక్ష్యం కాదు. లోకంలో లేనివి చాలా ఉన్నాయి."

"పన్ను ఊడకుండా ఖాళీ ఎట్ల వస్తదక్కా?"

"అది తర్కం. చిన్నపిల్లల విషయంలో మేము తర్కాన్ని ప్రోత్సహించం."

నేను బతిమాలగా బతిమాలగా మండలి దయ తలచింది. సభ్యులందరూ మా అపార్ట్‌మెంటుకు వచ్చారు. చెప్పులు విప్పి, భూమాతకు పాట పాడి, నిచ్చెన వేయించుకుని ట్యాంకు గది కప్పు ఎక్కారు. విభాకర్ అన్న పైనుంచి దిగేసరికి ఆయన అరచేతిలో మూడు పళ్ళున్నాయి.

వాచ్‌మన్ నర్సింలుకు నవ్వాగలేదు. "సార్, గీ అపార్టుమెంటు పోరగాళ్ళందరి పండ్లు ఆడ్నే ఉంటయ్. అవుతల కొసకు చూడున్రి, ఇంక దొరుకుతయ్. మీకు ఎన్ని గావాలె?"

విభాకర్ అన్న నవ్వలేదు. "ఖాళీ ఒకటి, పళ్ళు మూడు. పొంతన కుదరడం లేదు" అన్నాడు.

ముక్త ఇంకో ఏడాది మొగ్గల ఇంట్లోనే ఉండాలని తేలిపోయింది. సఫియా కంచె అవతలికి పోతుంది. మెట్ల మీద కూర్చున్న ముక్త అంతా విన్నది. ఏడవలేదు. చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు తొడుక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అది చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా కట్టుడు పళ్ళు పైవరుస, కిందివరుస తీసి చేతిలో పెట్టుకుని చారులత అక్క ముందు నిలబడ్డాను. పళ్ళు లేకపోతే నా మాట నాకే సరిగా వినబడదు. అయినా అన్నాను.

"పండ్లు ఊడినోళ్ళకే సదువైతే, నాకు ఒక్కటి గూడ లేదు. నన్ను కూసోబెట్టున్రి మీ ఒకటో తరగతిల!"

నర్సింలు పకపకా నవ్వాడు. మండలి నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చారులత అక్క కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది.

"మా నియమాలలో వయసు ప్రస్తావన ఎక్కడా లేదు. వయసును బట్టి తరగతి ఇవ్వడం కార్పొరేట్ ధోరణి" అంది.

"ఆమె పళ్ళ సాక్ష్యం?" అన్నాడు విభాకర్ అన్న.

"కట్టుడు పళ్ళే సాక్ష్యం. అసలువి పూర్తిగా పోయాయని ఒక వైద్యుడు చేసి ఇచ్చిన ప్రతిరూపం. ఇంతటి సంపూర్ణ పక్వత మన బడి చరిత్రలో లేదు."

వద్దని అందామనుకున్నాను. నీరజ నా కొంగు పట్టి లాగింది. "ఒప్పుకోండి అత్తయ్యా! కాదంటే ముక్త సీటుకు ఎసరొస్తుంది."

నా పళ్ళ సెట్టును పెద్ద మైనపు గూటిలో పెట్టారు. ఒక రోజంతా అది ఋతువుల బల్ల మీద మామిడి పిందెల పక్కన ఉంది. పిల్లలు దాని చుట్టూ తిరిగి పాడారు. సాయంత్రం కడిగి ఇచ్చేశారు. 'తొలకరి'లో వార్త వచ్చింది. 'దంతములన్నియు త్యజించిన తొలి విద్యార్థిని.'

జూన్‌లో బడి తెరిచారు. ముక్తను ఒక గేటు దగ్గర దింపి, నేను బోసినోటితో చుట్టూ తిరిగి రెండో గేటులోంచి లోపలికి వెళ్ళాలి. మొదటి రోజు ముక్త నా చేయి వదలలేదు. నేనే విడిపించుకున్నాను. ఇన్నేళ్ళలో ఎంతోమంది నన్ను వదిలి వెళ్ళారు గానీ, ఒకరిని వదిలి నేను వెళ్ళడం అలవాటు లేదు.

ఒకటో తరగతిలో నెలంతా ఒక నిలువు గీత, ఒక వంపు గీత. నాకు చదవడం వచ్చని తెలిసి చారులత అక్క కంగారు పడింది. "మెల్లగా మరచిపోండమ్మా, తొందరేం లేదు" అంది. ఊలు అల్లడం నేర్పుతూ నా చేతులు చూసి, "మరీ తెలిసినట్టు అల్లకండి. చేతులు ఆశ్చర్యపోతూ అల్లాలి" అంది. నేను వీలైనంత ఆశ్చర్యపోయాను.

సఫియా నా పక్కనే కూర్చునేది. మధ్యాహ్నం డబ్బా తెరిచి ముందు నాకు పెట్టేది. తరవాత గోరింట కంచె వైపు చూసేది. అటువైపు ముక్త ఇసుక గుంటలో ఒక్కతే ఇల్లు కట్టేది. ఇల్లు పూర్తయ్యాక రెండు తలుపులు పెట్టి, ఒక తలుపు దగ్గర కూర్చుని, రెండో తలుపు వైపు చూసేది. కొత్తగా చేరిన చిన్నపిల్లలు ఆ ఇంటిని తొక్కేస్తే మళ్ళీ మొదటి నుంచి కట్టేది.

ఒకరోజు కంచె సందులోంచి ముక్త వేలు నా చీరకు తగిలింది.

"బాపమ్మా, నువ్వు పండ్లు పెట్టుకో."

"ఎందుకు బిడ్డా?"

"పండ్లుంటే మొగ్గలే గద. నిన్ను నా దిక్కు తోలిస్తరు."

ఆ బడిలో నాకు అర్థమైన మొదటి మాట అదే. మర్నాడు పళ్ళు పెట్టుకుని, పొద్దున నోళ్ళు చూసే వరుసలో నిలబడ్డాను. విభాకర్ అన్న టార్చి వేసి, వెనక్కి తగ్గి, మళ్ళీ వేశాడు. పళ్ళన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా కదలడం లేదు. మండలి కూర్చుంది. నేను వెనక్కి వెళ్ళానా అని ఒకరడిగితే, "వెనక్కి కాదు, పునర్వికాసం" అని చారులత అక్క సరిదిద్దింది. వేణువు ఊది నన్ను కంచె దాటించారు. ముక్త ఇసుకలోంచి లేచి వచ్చి నా నడుము చుట్టుకుంది. నేను సంతోషంగా వెనక్కి తిరిగి చూద్దును కదా, కంచె అవతల సఫియా నిలబడి ఉంది.

"దాదీ, నాకు గూడ ఒక్క పన్ను ఇయ్యవా?"

సెట్టులోంచి ఒకటి ఎలా పీకి ఇస్తాను! కానీ డాక్టరు గారి పిల్ల కదా, నా కంటే తెలివైనది. రెండు రోజుల తరవాత నోట్లో నిండుగా పళ్ళతో వచ్చింది. ఖాళీలో ఎండుకొబ్బరి ముక్క సరిగ్గా కొరికి ఇరికించుకుంది. విభాకర్ అన్న వేలితో నొక్కాడు.

"మెత్తగా ఉందేం?"

"పాలపన్ను గదన్నా."

ఆయన 'లేత పన్ను' అని ఒప్పుకున్నాడు. సఫియాకు కూడా వేణువు ఊదారు. కొబ్బరి ముక్కను మధ్యాహ్నం తినేసి, మర్నాడు ఇంకోటి పెట్టుకుని వచ్చేది. చూసి ఇంకా కొందరు పిల్లలు ఇదే పని చేశారు. ఒకటో తరగతి సగం ఖాళీ అయింది. 'ప్రపంచమంతా పిల్లలను తొందరపెడుతున్న వేళ, మన పిల్లలు స్వచ్ఛందంగా కలలోకి మరలుచున్నారు' అని 'తొలకరి' రాసింది. గేటు దగ్గర తల్లిదండ్రులు, "మీవాడు ఎప్పుడు మరలుతున్నాడు?" అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. కొమురయ్య చెరుకు మానేసి కొబ్బరి చిప్పలు పెట్టాడు.

ఇసుక గుంటలో మళ్ళీ ఇద్దరు. వాళ్ళు కట్టిన ఇంట్లో నాకు కూడా ఒక గది ఇచ్చారు. నా గుండె కాస్త కుదుటపడింది.

కుదుటపడిన వారానికే, ముక్తకు జడ వేస్తూ చూశాను. నవ్విన నోట్లో, ఖాళీ ఉన్నచోట, చిగుళ్ళలోంచి బియ్యపు గింజంత తెల్లటి అంచు. తిన్నగా, చక్కగా వస్తోంది. కొత్త పన్ను వచ్చిందంటే పాతది సహజంగా పోయినట్టే. విభాకర్ అన్న టార్చికి ఇక ఏ సందేహమూ ఉండదు. అదే రోజు ముక్తకు వేణువు ఊదుతారు, పెద్దబడికి పంపుతారు. సఫియా ఇటు, ముక్త అటు. పాత పన్ను ఊడాలని ఏ దేవుళ్ళందరికీ మొక్కానో, ఈ కొత్త పన్ను ఇంకొన్నాళ్ళు బయటపడకూడదని వాళ్ళందరికీ మళ్ళీ మొక్కాను.

"నవ్వకు బిడ్డా, బడిల అస్సలు నవ్వకు. నోరు తెరిస్తే కనవడతది" అన్నాను.

"సఫీ గూడ నవ్వదు బాపమ్మా. నవ్వితే కొబ్బరి ఊడిపోతది."

ఆ రోజు మధ్యాహ్నం ఇసుక గుంటలోకి ఒక కప్ప వచ్చింది. సరాసరి పిల్లల ఇంట్లోకి దూరి, నా గదిలో కూర్చుంది. సఫియా భుజాలు కదలడం మొదలైంది. ముక్త బుగ్గలు ఉబ్బాయి. దూరం నుంచి విభాకర్ అన్న, చారులత అక్క మా వైపే వస్తున్నారు. ముక్త చటుక్కున తన చేయి సఫియా నోటికి అడ్డం పెట్టింది. సఫియా తన చేయి ముక్త నోటికి అడ్డం పెట్టింది. ఒకరి నోరు ఒకరు మూసి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా, ఊపిరాడకుండా నవ్వుతున్నారు.

చారులత అక్క ఆగి, చేతులు జోడించింది.

"చూశారా విభాకర్! మాట అవసరం లేని మౌనం. ఇది కదా మనం కోరుకున్న బాల్యం!"

ఆయన టార్చి జేబులో పెట్టుకున్నాడు. "మీరేమంటారమ్మా?" అని నన్నడిగాడు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపాను.